ఏడు మ్యాచ్‌లతో తేలే లెక్క కాదు ఇది

న్యూయార్క్ బేస్‌బాల్ జట్టు యాంకీస్ 1927, 1998 టీమ్‌లను మీరు కంప్యూటర్ గేమ్‌లో ఒక సిరీస్‌లో తలపడేసి, 4-3తో పాతవాళ్లే గొప్ప అని తేల్చేశారు. ఒక్కో మ్యాచ్‌లో 55 శాతం గెలుపు అవకాశం ఉన్న జట్టు కూడా ఏడు మ్యాచ్‌ల సిరీస్‌ను 61 శాతం సార్లే గెలుస్తుంది. అదే సిరీస్‌ను కనీసం వెయ్యి సార్లు తిప్పి చూడాలి.

అసలు చిక్కు 1927 జట్టు బ్యాటర్ బేబ్ రూత్ దగ్గరుంది. 1927లో ఆయన కొట్టినవి 60 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి). అదే లీగ్‌లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టు మొత్తం కలిపి 56. ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్టు గేమ్‌లో పెడితే 1998 పిచర్ల (బంతి విసిరేవాళ్ల) వేగం లెక్కలోకి రాదు. పోనీ లీగ్ సగటుతో గుణిద్దామంటే, 1998లో అందరూ హోమ్ రన్లు బాదేవాళ్లే కాబట్టి రూత్‌వి వంద దాటిపోతాయి! రెండూ తప్పే, ఈ రెండింటికీ నడుమ ఎక్కడో ఆపాలి.

బౌలింగ్... సారీ, పిచింగ్ సెట్టింగ్ కూడా చూసుకోండి. 1927లో యాంకీస్ పిచర్ వెయిట్ హోయ్ట్ 23 మ్యాచ్‌లు మొదట్నుంచి చివరిదాకా తానే వేశాడు. ఆధునిక అలసట పరిమితి పెడితే గేమ్ ఆరో ఇన్నింగ్స్‌కే అతన్ని బయటికి పంపేస్తుంది. అటువైపు 1998 జట్టులో మ్యాచ్ చివర్లో బంతి అందుకునే పిచర్ మరియానో రివేరా కాచుకుని ఉంటాడు. పిచర్ బదులు వేరొకరు బ్యాటింగ్ చేసే డీహెచ్ నిబంధన ఈ లీగ్‌లోకి 1973లో వచ్చింది, మీ సిరీస్‌లో అది ఉందో లేదో మీరు చెప్పనే లేదు.