చట్టమే, కానీ తప్పు

మన సంఘంలో ఏ విషయం మీద వాదన మొదలైనా ఎవరో ఒకరు "చట్టంలో అలాగే ఉంది కదండీ" అంటారు. అంతే, మాట అక్కడితో ఆగిపోతుంది. వీసాల టెన్షన్‌తో ఏళ్లు గడిపినవాళ్లకు ఆ జంకు సహజమే. కానీ చట్టంలో ఉండటం వేరు, న్యాయంగా ఉండటం వేరు. ఈ తేడాను బ్రిటిష్ న్యాయతత్వవేత్త హెచ్.ఎల్.ఎ. హార్ట్ అంత సూటిగా చెప్పినవాళ్లు అరుదు.

ఆయన 1907లో ఇంగ్లండులోని హారోగేట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. లా డిగ్రీ లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో గ్రీకు, లాటిన్ సాహిత్యాలు, తత్వశాస్త్రం చదివి, బార్ పరీక్ష రాసి బారిస్టరయ్యారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ గూఢచార శాఖ ఎంఐ5లో పనిచేశారు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో తత్వశాస్త్రం చెప్పారు, 1952లో అక్కడే న్యాయశాస్త్ర ఆచార్యులయ్యారు.

ఆయన ఇచ్చిన ఒక ఉదాహరణ చూడండి. పార్కులోకి వాహనాలు రాకూడదని రూలు పెట్టారు. కారు రాకూడదు, అందులో సందేహం లేదు. మరి సైకిలు? రోలర్ స్కేట్లు? పిల్లవాడి బొమ్మ కారు? ఆ రూలులోని మాటలు వీటికి జవాబు చెప్పవు. అలాంటి చోట జడ్జి తన విచక్షణతోనే తీర్పు చెప్పాలని, అది దాచాల్సిన సంగతి కాదని హార్ట్ వాదించారు.

హార్ట్ చెప్పినట్టు చట్టాన్నీ నీతినీ విడదీస్తే చట్టానికి మనసు లేకుండా పోతుందని చాలామంది భయపడ్డారు. హార్వర్డ్ ప్రొఫెసర్ లాన్ ఫుల్లర్ 1958లో ఆయనతో గట్టిగానే తలపడ్డారు. నేను మాత్రం హార్ట్ పక్షమే. ఇది చట్టమే, అయినా పాటించలేనంత దుర్మార్గమైనది అని మనిషి తెగేసి చెప్పగలగాలంటే ముందు ఆ రెంటినీ విడిగా చూడగలగాలి కదా!

ఆ పని హార్టే చేసి చూపించారు. ఇద్దరు మగవాళ్ల మధ్య ఏకాంతంలో జరిగే లైంగిక సంబంధం అప్పట్లో ఇంగ్లండులో నేరం. సమాజం తన నీతిని చట్టంతో కాపాడుకోవచ్చని జడ్జి పాట్రిక్ డెవ్లిన్ వాదించారు. ఎవరికీ హాని చేయని మనిషిని, మనకు రోత పుట్టిందని జైల్లో పెట్టడం తగదని హార్ట్ 1963లో పుస్తకమే రాశారు. 1967లో పార్లమెంటు ఇంగ్లండు, వేల్స్‌లో ఆ చట్టాన్ని సడలించింది.

మన యువజన విభాగం వాళ్లు వచ్చే డిబేట్ పోటీకి ఈ హార్ట్, డెవ్లిన్ వాదననే అంశంగా పెట్టాలి. పెద్దవాళ్లం ముందు వరసలో కూర్చుని, మధ్యలో అడ్డుపడకుండా విందాం.