ఆభా నంబరు గారికి మందుల సంచి రాయునది

మహారాజశ్రీ, మనిషి ఆరోగ్య రికార్డులను ముడిపెట్టే 14 అంకెల గుర్తింపు సంఖ్యయైన ఆభా నంబరు గారికి, వంటింటి గోడ మేకుకు వేలాడే మందుల సంచి నమస్కరించి రాయునది ఏమనగా: ఇక్కడ మేమంతా క్షేమం. బీపీ ఒక్కటే కాస్త ఎక్కువ.

2021 సెప్టెంబరులో తమరిని జారీ చేసే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ దేశమంతటా మొదలైనప్పుడు ఇక నా పని అయిపోయిందనుకున్నాను. గుంటూరులో తీసిన ఈసీజీ హైదరాబాదు డాక్టరుకు కనబడుతుందన్నారు. కనబడుతుంది, కాదనను. కాకపోతే గుంటూరు ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కు మీతో చుట్టరికం ఉండాలి, వాళ్లు ఆ ఈసీజీని మీ నంబరుకు ముడిపెట్టాలి, ఆపైన మా ఇంటి పెద్దాయన ఫోనులో అనుమతి నొక్కాలి. కాగితం ఎక్కడ పుట్టిందో అక్కడే ఉంటుంది. తమరు దారి మాత్రం చూపిస్తారు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఓపీ టోకెన్ తీసుకోగానే జబ్బు చరిత్రంతా లోపలికి వెళ్లిందనుకుంటారు జనం. వెళ్లింది పేరూ వయసూ లాంటి వివరాలే. స్టెంటు సంగతి నా దగ్గరే, నాలుగు మడతల డిశ్చార్జి సమ్మరీలో ఉంది. (మిమ్మల్ని చూపించి 5 లక్షల వైద్యం అడిగేవారూ ఉన్నారు. అది 70 ఏళ్లు నిండినవారి వయ వందన కార్డు, వేరే సంగతి.)

పాత రికార్డు వెతకాలంటే పేరు, పుట్టిన సంవత్సరం, ఫోను నంబరు కలవాలట. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, ఆసుపత్రిలో అదే పొడి అక్షరమై చివర. పుట్టిన సంవత్సరం ఎవరో అంచనా వేసి రాసింది. ఫోను నంబరు డల్లాస్‌లో ఉన్న కొడుకుది. ఇక్కడ పగలు పదకొండింటికి ఓటీపీ పంపితే అక్కడ అర్ధరాత్రి! దంపతులిద్దరికీ ఒకే ఫోనైతే మరీ సొగసు: తెరమీద రెండు పేర్లు వస్తాయి, తొందరలో ఒకటి నొక్కితే ఆవిడ షుగరు ఆయనకు వస్తుంది.

అసలు భయం మందులతో. గుండె డాక్టరు టెల్మిసార్టాన్ అనే బీపీ మందును ఒక కంపెనీ పేరుతో రాస్తారు, షుగరు డాక్టరు అదే మందు ఇంకో పేరుతో. రెండూ వేసుకుంటే రాత్రి బాత్రూముకు లేచినప్పుడు బీపీ పడిపోయి మనిషి కిందపడొచ్చు. ఫొటో తీసి ఎక్కించిన ఆ రెండు చీటీలనూ తమరు భద్రంగానే చూపిస్తారు, చదవరు. నాలో అయితే రెండు మాత్రల షీట్లూ పక్కపక్కన పడి ఉంటాయి. వెనకవైపు సన్నక్షరాల్లో మందు అసలు పేరు ఒకటేనని మనవరాలైనా పసిగడుతుంది.

ఆంధ్రాలో ప్రతి నెలా 1వ తేదీన సచివాలయం ఉద్యోగి ఇంటికొచ్చి 4,000 పింఛను ఇస్తారు. నెలకోసారి తప్పకుండా గడప తొక్కేది ఆయనే. ఆయన చేతిలోని యంత్రం వేలిముద్ర అడుగుతుంది, మాత్ర వేసుకున్నారా అని అడగదు. బీపీ చూసే ఏఎన్ఎమ్మకు మరో యాప్. ఒంటరి పెద్దల గోడు వినే హెల్ప్‌లైన్ 14567 మరో శాఖది. అందరూ ఒకే గడప ముందు నిలబడతారు, పలకరించుకోరు.

తమరి 14 అంకెలు ఇంట్లో ఎవరికీ గుర్తుండక నామీదే స్కెచ్ పెన్నుతో రాశారు. చివరిది ఒకటో ఏడో తెలియడం లేదు, అక్కడే చిరిగాను.

ఇట్లు,
మందుల సంచి