వెండి ముసుగు గారికి, ఒక ముఖం తరఫున

మహారాజశ్రీ వెండి ముసుగు గారి దివ్యసముఖమునకు,

సముఖమని అలవాటుగా రాసేశాను గానీ, తమరికి ముఖం ఎక్కడుంది? ఉన్నదల్లా కళ్లకి రెండు కన్నాలు, ముక్కుకి, నోటికి తలో కన్నం, వెనక బూటుకున్నట్టు బిగించే ఒక లేసు. ముఖం వేరేవాళ్లది. నా పేచీ అంతా అక్కడే.

రొడోల్ఫో గుజ్మాన్ అనే పేరు తమరికి గుర్తుందా? కుస్తీవీరుడు, 1917లో మెక్సికోలోని తులన్సింగో అనే ఊళ్లో పుట్టాడు. ఆ మనిషి ముఖం మీద పైసా అద్దె కట్టకుండా నలభై ఏళ్లు కాపురమున్నారు తమరు. కనీసం గుర్తుపట్టినట్టు తలైనా ఊపరేం?

తమరు రాకముందు అతను పేర్ల కోసం నానా అగచాట్లు పడ్డమాట నిజమే. కొన్నాళ్లు రూడీ గుజ్మాన్ అన్నాడు. ఎర్ర మనిషి అన్నాడు, నల్ల దెయ్యం అన్నాడు. ఏదీ అచ్చిరాక 'రెండో గబ్బిలం' అని పెట్టుకుంటే, బరిలో ఇంకా దిగుతున్న మొదటి గబ్బిలం ఊరుకుంటాడా? కుస్తీ కమిషన్‌కి ఫిర్యాదు చేశాడు. ఆ పేరూ ఊడింది. అప్పుడు హేసుస్ లోమెలిన్ అనే మేనేజరు వెండిరంగు దుస్తుల జట్టు ఒకటి కడుతూ, మూడు పేర్లు ముందు పెట్టి ఏదో ఒకటి తీసుకోమన్నాడు: పుణ్యాత్ముడు, సైతాను, దేవదూత. మనవాడు పుణ్యాత్ముణ్ణి తీసుకున్నాడు. ఎల్ సాంతో. 1942 జూలై 26న మెక్సికో నగరంలో తమరిని తగిలించుకుని ఆ పేరుతో బరిలోకి దిగాడు.

దిగి చేసిన పుణ్యకార్యాలు చూద్దాం. లూచా లీబ్రే అనే ఆ కుస్తీలో రెండు కులాలు. రూల్స్ పాటించి పద్ధతిగా ఆడేవాళ్లు టెక్నికోలు. రిఫరీ అటు తిరగ్గానే గొంతు నులిమేవాళ్లు రూడోలు. పుణ్యాత్ముడు గారు ఇరవై ఏళ్లపాటు రూడో! 1962లో గానీ టెక్నికో కాలేదు. అన్నేళ్లూ జనం తిట్టిన తిట్లు ఎవరికి తగిలాయి? తమరికా? తమరు నున్నగా మెరుస్తూ కూర్చున్నారు. కమిలింది లోపలి దవడ.

తమరి వంశం సంగతీ ఎత్తక తప్పదు. 1930లలో ఒక అమెరికన్ మల్లుడు అడిగాడని మొదటి ముసుగు కుట్టింది ఆంటోనియో మార్టినెజ్. వృత్తిరీత్యా ఆయన బూట్లు కుట్టేవాడు. అదీ తమరి పుట్టుపూర్వోత్తరం. కాళ్లకి తొడగాల్సినదాన్ని నెత్తికెక్కించుకున్నారు, మీరేమో అక్కణ్ణించి దిగనే లేదు. ఆ వెనక లేసు చూసినప్పుడల్లా నాకు తమరి పుట్టిల్లే గుర్తొస్తుంది.

1952లో తమరి బొమ్మతో కామిక్ పుస్తకం మొదలైంది. 1958లో క్యూబా వెళ్లి సినిమాల్లో వేషం కట్టారు. మొత్తం యాభైకి పైగా సినిమాలు. రక్తం తాగే ఆడవాళ్లతో, మమ్మీలతో, అంగారక గ్రహం వాళ్లతో కుస్తీ. స్పోర్ట్స్ కారు నడుపుతూ ముసుగు, కోటు వేసుకుని సైంటిస్టు ఇంటికెళ్లినా ముసుగు. ఒక్క పాత్రయినా "ఏంటి బాబూ, మూతికి ఏమైంది?" అని అడిగిన పాపాన పోలేదు. ఇంట్లోకి పిశాచం వస్తే కెవ్వుమంటారు, వెండి తలకాయ వస్తే కుర్చీ వేస్తారు. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. ఎగిరి దూకింది రొడోల్ఫో, పోస్టరు మీద తమరు.

అన్నం దగ్గర కూడా వదిలారా? నలుగురిలో భోంచేయాల్సి వస్తే గడ్డం దగ్గర తెరిచి ఉండే ముసుగు విడిగా పెట్టుకునేవాడట. విదేశాల్లో షూటింగులుంటే, పాస్‌పోర్టు దగ్గర యూనిట్ వాళ్లకి ముఖం కనబడుతుందని వేరే విమానంలో వెళ్లేవాడని కూడా చెబుతారు. మనవైపు నటుడికి షూటింగ్ అవ్వగానే కిరీటం తీసి పక్కన పెట్టుకునే వీలైనా ఉంది. ఇతనికి అదీ లేదు.

ఇహ తమరి పరువు సంగతి. కుస్తీలో అవతలివాడి ముసుగు లాగేస్తే లాగినవాడు ఓడినట్టే. అంత మర్యాద! కానీ పందెం కట్టిన కుస్తీ అయితే వేరు. ముసుగుకి ముసుగు, లేదా ముసుగుకి జుట్టు. జుట్టు ఓడినవాడు గుండుతో ఇంటికెళ్తాడు, మళ్లీ మొలుస్తుంది. ముసుగు ఓడినవాడు అందరి ముందూ దాన్ని విప్పి అసలు పేరు, సొంతూరు చెప్పాలి. అది మళ్లీ మొలవదు. 1952 నవంబర్ 7న బ్లాక్ షాడో తమరితో అలా పందెం కట్టి గంటకు పైగా పోరాడి ఓడాడు. నల్ల ముసుగు విప్పితే లోపల అలెహాంద్రో క్రూజ్ అనే మామూలు మనిషి. దాంతో అతని జోడీ బ్లూ డీమన్‌కి ఒళ్లు మండి, మరుసటి ఏడాది తమరిని ఓడించి వెల్టర్‌వెయిట్ అనే బరువు తరగతిలో ప్రపంచ టైటిల్ పట్టుకుపోయాడు. టైటిల్ పోతే పోయింది, తమరు మాత్రం ఊడలేదు. ఎన్నడూ ఊడలేదు.

(అమెరికాలో తమరి దూరపు చుట్టం ఒకరున్నారు, రే మిస్టీరియో గారి ముసుగు. 1999లో పందెంలో ఓడి ఊడింది. 2002లో కంపెనీ మారగానే మళ్లీ తలకెక్కింది. డాలర్ల దేశం, అక్కడ పరువుకి కూడా రిటర్న్ పాలసీ ఉంటుంది. మా చిన్నప్పుడు కుస్తీవాళ్ల ట్రంప్ కార్డుల్లో ఆయన వస్తే ఏడుపొచ్చేది. ఎత్తు అడిగినా ఓటమే, బరువు అడిగినా ఓటమే. అయినా మా తమ్ముడు ఆ కార్డు ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ముసుగు ఉందిగా! ఒక వేసవిలో దిండు గలీబుకి కత్తెరతో కన్నాలు పెట్టి తలకి తొడుక్కున్నాడు. కన్నాలు కళ్లకి కాక నుదుటికొచ్చాయి. "సిక్స్ వన్ నైన్" అని మిస్టీరియో పట్టు పేరు అరుస్తూ మంచం మీంచి దూకి తిన్నగా గోద్రెజ్ బీరువాకి గుద్దుకున్నాడు. అమ్మ వచ్చి ముసుగు విప్పలేదు, ముసుగుతో సహా బాదింది.)

1982 సెప్టెంబర్ 12న రొడోల్ఫో చివరి కుస్తీ ఆడాడు. అరవై అయిదు నిండడానికి పదకొండు రోజులు తక్కువ. రిటైరయ్యాడు కదా, ఇకనైనా ముఖానికి కాస్త గాలి తగలనిస్తారనుకున్నా. 1984 జనవరిలో ఒక టీవీ కార్యక్రమంలో, దాన్ని నడిపే హాకోబో జాబ్లుదోవ్స్కీ ఎదుట కూర్చుని, ఉన్నట్టుండి తమరిని కాస్త పైకి లేపాడు. పూర్తిగా కాదు. ఇంట్లో కొత్తకోడలు తలుపు ఓరగా తీసి వీధిలోకి చూసినట్టు, కొంచెమే. ఏమీ వింత లేదు. పెద్దాయన ముఖం. బస్సులో పక్కన కూర్చుంటే జరిగి చోటిచ్చేలాంటి ముఖం.

ఫిబ్రవరి 5న గుండెపోటుతో పోయాడు. రెండూ వెంటవెంటనే జరిగాయి కాబట్టి తమరి మీద అనుమానం పడ్డవాళ్లున్నారు. నేను పడను. అరవై ఆరేళ్లవాడు, ఒళ్లంతా దెబ్బలు తిన్నవాడు. కానీ పెట్టెలో పడుకోబెట్టినప్పుడు కూడా ముఖం మీద తమరే ఉన్నారే, అది మాత్రం క్షమించలేకపోతున్నా. చూడ్డానికి వచ్చిన అంత జనమూ చూసింది ఎవరిని? సొంతూరు తులన్సింగోలో విగ్రహం పెట్టారు, అదీ తమరిదే. చిన్నకొడుకు ఎల్ ఇహో దెల్ సాంతో, అంటే సాంతో కొడుకు, అని వెండి ముసుగు కట్టుకున్నాడు. తండ్రి ఆస్తిగా మీరు దక్కారు, తండ్రి పేరు దక్కలేదు.

అద్దె బకాయి లెక్క వేద్దామనుకున్నాను. నలభై ఏళ్లకి నెలనెలా ఎంత, దవడ దెబ్బలకి ఎంత, చల్లారిపోయిన భోజనాలకి ఎంత. పుచ్చుకోవడానికి ఇంటాయన లేడు కాబట్టి కాగితం చింపేశాను.

ఇట్లు,
ముఖం కడుక్కుని మరీ ఈ ఉత్తరం రాసిన
ఒక అభిమాని

తా.క.: ఆ దిండు గలీబు ఇంకా మా ఇంట్లోనే ఉంది. అమ్మ దాన్ని పొయ్యి దగ్గర మసిగుడ్డ చేసింది. కన్నాల్లోంచి చెయ్యి కాలుతోందని ఇప్పటికీ తమ్ముణ్ణే తిడుతుంది.