తిప్పతీగను సాక్ష్యం అడుగుతారా?

మా కాలనీ పార్కులో రోజూ పొద్దున్నే ఆరింటికి తిప్పతీగ కషాయం పంచుతారు. బ్యాంకు మేనేజరుగా రిటైరైన వాకర్స్ అసోసియేషన్ సెక్రటరీ గారు స్టీలు ఫ్లాస్కు పట్టుకుని రావిచెట్టు అరుగు మీద కూర్చుంటారు. రెండు రౌండ్లు నడిచినవాళ్లకు ఒక పేపర్ గ్లాసు, ఒక్క రౌండుకే ఆయాసపడి కూలబడినవాళ్లకు రెండు. మూడేళ్లుగా ఈ యజ్ఞం నిర్విఘ్నంగా సాగుతోంది. అలాంటి చోట మొన్న ఆదివారం జరగరానిది జరిగింది. మా పై ఫ్లాట్‌లో ఉండే ఎం.ఫార్మసీ అమ్మాయి గ్లాసు అందుకుని, వెలుతురుకు ఎత్తిపట్టి చూసి, "అంకుల్, ఇది తిప్పతీగేనా?" అని అడిగింది.

అరుగంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. తాళి కట్టే వేళ పెళ్లికొడుకుని ఆధార్ కార్డు చూపించమన్నట్టయింది.

తప్పు ఆ పిల్లది కాదు, చదువుది. ఫార్మకాగ్నసీ అని వాళ్లకో సబ్జెక్టు ఉంది. మొక్కల మందుల్ని పరీక్షించే శాస్త్రమట. ఆరా తీస్తే తేలిందేమిటంటే, అనుమానాన్నే సిలబస్‌గా పెట్టుకున్న చదువు అది. అశ్వగంధ చూర్ణం చేతికిస్తే మనం పాలల్లో కలుపుకుని తాగేస్తాం. వీళ్లు దాన్ని మైక్రోస్కోప్ కింద పెడతారు. ఏదో ద్రావణం చుక్క, యాసిడ్ చుక్క వేసి, చెక్కబారిన భాగాలు గులాబీ రంగుకు తిరిగాయా లేదా అని చూస్తారు. పిండి రేణువులు గుండ్రంగా ఉన్నాయా, కోలగా ఉన్నాయా అని చూస్తారు. అక్కడితో ఆగరు. శుభ్రమైన చూర్ణాన్ని మూసలో పోసి బూడిదయ్యేదాకా కాల్చి, ఆ బూడిదను యాసిడ్‌లో మరిగించి, కరగకుండా మిగిలినదాన్ని తూస్తారు. మిగిలేది చాలావరకు ఇసుకే. అంటే మనం తినే చూర్ణంలో మట్టీ ఇసకా ఎంత కలిసిందో లెక్క కడతారన్నమాట. ఇవాళ లారీ ఇసుక ధర ఎంతుందో తెలిసినవాడెవడూ ఇలాంటి అనుమానం పెట్టుకోడు. ఇసుక కలిపితే కల్తీ చేసేవాడికే గిట్టుబాటు కాదు.

వీళ్ల రెండో జబ్బు పేర్లు. మనం ఒక ఆకును సరస్వతి ఆకు అంటాం, పిల్లల చేత తినిపిస్తాం, వాళ్లు పదో తరగతి పాసవుతారు. కథ అయిపోయింది. వీళ్లలా కాదు. ఈ సరస్వతి ఆకును ఉత్తరాదిలో కొన్నిచోట్ల బ్రాహ్మి అంటారని, కేరళలో బ్రాహ్మి అంటే నీటి గట్టున పాకే మరో చిన్నాకుల మొక్క అని, రెండూ వేర్వేరు కుటుంబాలవని, డబ్బా మీద బ్రాహ్మి అని రాసి ఉంటే లోపల ఉన్నది ఏదని అడుగుతారు. ఏదైతేనేం? బ్రహ్మ దగ్గరికి పోయినా సరస్వతి దగ్గరికి పోయినా ఇల్లు ఒకటే కదా.

తిప్పతీగ మీద కూడా ఇలాంటి రగడే జరిగింది. 2021లో ముంబయి డాక్టర్లు ఆరుగురు పేషెంట్ల గురించి రాశారు. తిప్పతీగ తాగాక వాళ్ల లివర్ దెబ్బతిందన్నారు. వాళ్లు తాగింది అసలు తిప్పతీగే అని రుజువేమిటి, దాన్ని పోలిన ఇంకో తీగ కావచ్చు కదా అని ఆయుష్ మంత్రిత్వ శాఖ తిరిగి అడిగింది. ఆ రోజు మా సెక్రటరీ గారు చప్పట్లు కొట్టారు. మంచి ప్రశ్న అడిగారన్నారు. ఆ మంచి ప్రశ్ననే మొన్న ఈ అమ్మాయి అడిగింది. రోగం వచ్చాక అడగాల్సిన ప్రశ్నను గ్లాసు చేతిలో ఉండగానే అడగడం వయసు దుడుకు.

శాస్త్రం లేకుండా మనం ఎలా నడుపుతున్నామో కూడా చెప్పాలి కదా. మా తోడల్లుడికి షుగర్. ఆయన మెంతులు, నేరేడు గింజలు, కాకరకాయ ఎండబెట్టి కొట్టిన పొడి పరగడుపున చెంచాడు వేసుకుంటాడు. టిఫినయ్యాక డాక్టరు రాసిన మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటాడు. మూడు నెలల్లో షుగర్ దిగింది. దేనివల్ల దిగింది? పొడివల్ల. ఉద్యోగం చేసింది మాత్ర, జీతం తీసుకున్నది పొడి. మధ్యలో ఒకసారి షుగర్ మూడు వందలు దాటింది. అది దేనివల్ల? మాత్రవల్ల. ఈ పద్ధతిలో ఫలితం ఎప్పుడూ తారుమారు కాదు. పోల్చి చూడ్డానికి రెండో గుంపు ఉండాలంటారుగా, మా మరదలు ఉంది. ఆవిడ ఏ పొడీ వేసుకోదు, ఆవిడకు షుగరూ లేదు. ఈ సంగతి రిపోర్టులో రాయలేదు.

ఆ మెట్‌ఫార్మిన్ వంశం కూడా యూరప్ పొలాల్లో పెరిగే గలేగా అనే మొక్క దగ్గరే మొదలైందని ఆ అమ్మాయి చెప్పింది. మా తోడల్లుడు వినలేదు. అది విదేశీ మొక్క, మన ఒంటికి పడదు అన్నాడు. అని, కుండీలోంచి రెండు బిళ్ళగన్నేరు ఆకులు తుంచి నోట్లో వేసుకున్నాడు. బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్.

బిళ్ళగన్నేరు కథ వింటే వీళ్లు ఎంత లోకజ్ఞానం లేనివాళ్లో తెలుస్తుంది. ఆ ఆకు షుగర్‌కు మంచిదని జమైకాలోనూ మనలాంటి పెద్దమనుషులు నమ్మేవారు. 1950ల్లో అక్కడి ఆకులు కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో యూనివర్సిటీకి చేరాయి. రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వాటి పని పట్టారు. రసం ఎలుకలకు తాగించారు. షుగర్ కదల్లేదు. ఇంజెక్షన్ చేశారు. ఎలుకలు ఇన్ఫెక్షన్లు సోకి చచ్చాయి. మనమైతే ఏం చేసేవాళ్లం? ఆ ఎలుకలకు నమ్మకం లేదనేవాళ్లం. పథ్యం సరిగ్గా చెయ్యలేదనేవాళ్లం. వాళ్లు మాత్రం ఎందుకు చచ్చాయని కూర్చుని ఆలోచించారు. చూస్తే ఒంట్లో తెల్ల రక్తకణాలు పడిపోయాయి. తెల్లకణాలు పెరిగిపోవడమే జబ్బయినవాళ్లకు ఇది పనికొస్తుంది కదా అనుకున్నారు. 1958కల్లా విన్‌బ్లాస్టిన్ బయటికొచ్చింది, ఆ వెనకే విన్‌క్రిస్టిన్. బ్లడ్ క్యాన్సర్ వచ్చిన చిన్నపిల్లలకు నేటికీ ఎక్కిస్తున్నది ఆ రెండోదాన్నే. గ్రాము మందు కోసం వందల కిలోల ఎండుటాకు కావాలి. ఎంత దుబారా! షుగర్‌కని వెళ్లి క్యాన్సర్ మందుతో తిరిగొచ్చినవాళ్లను నమ్మేదెలా? మన ఇంటి ముందు కుండీలో ఉన్నది ఇప్పటికీ షుగర్‌కే.

చైనావాళ్లు ఇంకో రకం. థూ యూయూ అనే ఆవిడ మలేరియాకు మందు వెతుకుతూ పదహారు వందల ఏళ్ల నాటి వైద్య గ్రంథం ముందేసుకుంది. అందులో ఒక వాక్యం: ఈ ఆకు గుప్పెడు తీసుకుని, నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగు. ఆవిడ ఆ వాక్యాన్ని భక్తిగా ఫ్రేము కట్టించి గోడకు తగిలించలేదు. చదివింది. నానబెట్టమన్నాడు, పిండమన్నాడు, కాచమనలేదేమిటి అని ఆగింది. వేడికి గుణం పోతోందేమోనని తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీసింది. పనిచేసింది. 1972లో ముందు తానే తాగి, తర్వాతే రోగులకిచ్చింది. 2015లో నోబెల్. అదే ఆకు మా సెక్రటరీ గారి చేతికొచ్చి ఉంటే నాలుగో వంతుకు దిగేదాకా మరిగించి, మిరియాలు, బెల్లం వేసి, మలేరియా దోమను తప్ప అందర్నీ సంతృప్తిపరిచేవారు.

మాట వచ్చింది కాబట్టి పసుపు సంగతీ ముగించేస్తాను. గాయాలకు పసుపు వాడటం మీద 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు పేటెంట్ ఇచ్చారు. దేశం ఊగిపోయింది. అందరూ నానమ్మలను తలుచుకున్నారు. కానీ పరాయి దేశపు నానమ్మ నోటిమాట అక్కడ చెల్లదు, అచ్చులో చూపించమన్నారు. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్లు సంస్కృతం, ఉర్దూ గ్రంథాలు, 1953 నాటి మెడికల్ జర్నల్ వ్యాసం వెతికి పట్టుకెళ్లి 1997లో ఆ పేటెంట్ రద్దు చేయించారు. ఈ గెలుపు గురించి మా పార్కులో ఏటా ఆగస్టు 15న ఉపన్యాసం ఉంటుంది. అందులో నానమ్మ ఉంటుంది, జర్నల్ ఉండదు.

మళ్లీ అరుగు దగ్గరికొద్దాం. ఆ అమ్మాయి అంతటితో ఊరుకోలేదు. వాచ్‌మన్‌ను అడిగి ముడిసరుకు కవరు తెప్పించింది. చీకటితోనే గోడ మీది తీగ కోసి, ముక్కలు చేసి, కాచి ఫ్లాస్కులో పోసేది అతనే. కవరులోంచి ఒక ముక్క తీసింది. పైన కాగితంలా పొర లేస్తోంది, అక్కడక్కడా చిన్న బొడిపెలు. బ్లేడుతో అడ్డంగా కోసి చూపించింది. లోపల బండిచక్రంలా నడిమి నుంచి అంచుకు గీతలు. "ఇది తిప్పతీగ." ఇంకో ముక్క తీసింది. లావుగా, నున్నగా, పచ్చగా ఉంది. చక్రం లేదు, పొరా లేదు. కవరు అడుగున దాని ఆకు కూడా ఒకటి దొరికింది. పచ్చటి ఆకు మీద పసుపు మరకలు.

"ఇది మనీప్లాంట్, అంకుల్. గొంతు దురద పెడుతుంది."

గొంతు దురద! రెండు నెలలుగా మా అందరికీ ఉన్నదే. ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయనడానికి అదే గుర్తని సెక్రటరీ గారు గ్రూపులో మెసేజ్ కూడా పెట్టారు. దురద ఎక్కువున్నవాళ్లు లోపల ఎక్కువ విషమున్నవాళ్లని లెక్క. ఆ లెక్కన నేను మూడో స్థానంలో ఉన్నాను.

సోమవారం అత్యవసర సమావేశం జరిగింది. ఆడిటరు గారు ఒక మార్గం చెప్పారు. హైదరాబాద్‌లో మృగశిర కార్తెకు వేసే చేపమందు మీద హేతువాదులు కోర్టుకెక్కాక అది చేప ప్రసాదం అయింది. మందైతే పరీక్ష అడుగుతారు, ప్రసాదాన్ని ఎవరడుగుతారు? తీర్మానం ఏకగ్రీవం. పేపర్ గ్లాసులు రద్దు, రాగి ఉద్ధరిణె కొనాలి. పేరు తిప్పతీగ తీర్థం.

మంగళవారం పొద్దున ఆ అమ్మాయి కూడా వరసలో నిలబడింది. కుడి అరచెయ్యి దొప్ప చేసి పట్టుకుంది. సెక్రటరీ గారు చిరునవ్వుతో ఉద్ధరిణెడు పోశారు. ఆ పిల్ల కళ్లకద్దుకుని, పక్కకెళ్లి, జేబులోంచి చిన్న గాజు సీసా తీసి అందులో ఒంపుకుని మూత పెట్టింది.

నేను చూడనట్టు నటిస్తూ గేటు వైపు నడిచాను. వాచ్‌మన్ ఎదురొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"సార్, గోడ మీద తీగ అయిపోవచ్చింది. రేపటికి ఏది కొయ్యమంటరు?"