ఆకులు రాల్చని చెట్లు

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో, నీళ్ల ట్యాంకు కడిగే తేదీకీ మెయింటెనెన్స్ బకాయిదారుల జాబితాకీ నడుమ, గత ఏప్రిల్‌లో ఒక ఆకుపచ్చ నోటీసు వెలసింది. వేసవి సెలవుల్లో పిల్లలకు ‘వృక్షయోగం’ నేర్పుతారనీ, ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల దాకా ఎవరైనా చేరవచ్చనీ, చెట్టులా నిలబడడం వల్ల వాళ్లకు ఏకాగ్రత, పర్యావరణం మీద ప్రేమ ఒకే ఫీజుతో అలవడతాయనీ అందులో ఉంది. అడుగున ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని పెద్దక్షరాల్లో వేశారు. అసోసియేషన్ ఉపాధ్యక్షుడి హోదాలో ఆ నోటీసు మీద సంతకం పెట్టినవాణ్ణి నేనే కాబట్టి, ఆ క్లాసు గురించి గిట్టనివాళ్లు అంటున్న మాటలకు జవాబు చెప్పే బాధ్యత కూడా నా నెత్తినే పడింది.

వృక్షాసనం నిన్న మొన్న పుట్టుకొచ్చింది కాదు. ఘేరండ సంహిత చెప్పిన 32 ఆసనాల్లో అదొకటి. కుడి పాదాన్ని ఎడమ తొడ మొదట్లో ఆనించి, భూమి మీద చెట్టులా నిలబడమంటుంది ఆ గ్రంథం. ఇంతకంటే సులువైన సూచన ఉండదు గానీ, ‘భూమి మీద’ అన్న ఆ ఒక్క మాట దగ్గరే మాకు చిక్కొచ్చిపడింది. ఎంవీపీ కాలనీలోని మా ఆవరణలో భూమి అనదగినది జానెడు కూడా మిగల్లేదు. కిందంతా పార్కింగు, పార్కింగు చుట్టూ పేవర్ బ్లాకులు, బ్లాకులు ఆగిన చోట ప్రహరీ. అందుకని క్లాసును అయిదో అంతస్తు పైన డాబా మీదికి ఎక్కించాం. ఘేరండుడి కాలానికి అపార్ట్‌మెంట్లు లేవు గనుక ఆయన ఈపాటి సవరణకు అభ్యంతరం చెప్పరని కమిటీ ఏకగ్రీవంగా అభిప్రాయపడింది.

అసలు విశాఖవాసులకు యోగా గురించి ఒకరు చెప్పాలా? 2025 జూన్ 21న పదకొండో అంతర్జాతీయ యోగా దినోత్సవం ప్రధానమంత్రి సమక్షంలో మన ఆర్‌కే బీచ్‌లోనే జరిగింది. తెల్లారకుండానే ఊరంతా సముద్రం ఒడ్డుకు చేరి, భోగాపురం దాకా తీరం పొడవునా ఆసనాలు వేసింది. ‘ఒకే భూమి, ఒకే ఆరోగ్యం కోసం యోగా’ అన్నది ఆ ఏటి నినాదం. అది విన్నప్పటి నుంచి మా సభ్యులకు భూమి అంటే ఎనలేని గౌరవం. గజం ధర చెప్పేటప్పుడు కూడా గొంతు తగ్గించి భక్తిగా చెబుతారు.

ఇక క్లాసు సంగతి. డాబా మీద ఆకుపచ్చ షేడ్ నెట్ కట్టించాం. కింద ప్లాస్టిక్ పచ్చిక, పచ్చిక మీద ఆకుల బొమ్మలున్న మ్యాట్లు, గోడకు అడవి ఫ్లెక్సీ, మూలనున్న స్పీకరులోంచి కోయిల కూత. ఇంత ప్రకృతిని ఒకచోట పోగుచేయడానికి మాకు 18,000 రూపాయలు అయింది. సాయంత్రం అయిదున్నరకు పద్నాలుగు మంది పిల్లలు వరసగా నిలబడి, కుడికాలు మడిచి, చేతులు పైకెత్తి జోడించేవారు. “మీ పాదాలే వేళ్లు, మీ చేతులే కొమ్మలు, ఎదురుగా కదలని వస్తువేదైనా చూసి దాని మీద దృష్టి నిలపండి” అనేవారు యోగా మేడమ్. ఒకప్పుడు మా డాబా మీదికెక్కితే కైలాసగిరి కనిపించేది. ఇప్పుడు పక్క అపార్ట్‌మెంట్ వాళ్ల నల్లటి నీళ్ల ట్యాంకు కనిపిస్తుంది. అది కొండ కంటే కూడా కదలనిది కాబట్టి పిల్లలు దాన్నే చూశారు.

చిన్న చిన్న ఇబ్బందులు రాకపోలేదు. చెట్లు కార్బన్ డయాక్సైడు తీసుకుని మనకు ఆక్సిజన్ ఇస్తాయని మేడమ్ చెప్పగానే, మూడో అంతస్తు కుర్రాడొకడు, “మరి ఇప్పుడు మేం చెట్లమే కదా మిస్, ఏది పీల్చాలి?” అని అడిగి, జవాబు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి ముఖం కందగడ్డ చేసుకున్నాడు. ఇంకోరోజు ఎవరు ఏ చెట్టో చెప్పమన్నారు. ఇద్దరు కొబ్బరి చెట్లయ్యారు, ఒకమ్మాయి క్రిస్మస్ చెట్టు అయింది. మా మనవరాలు తాను ఏడాకుల చెట్టునని ప్రకటించగానే మిగతా వనమంతా ముక్కు మూసుకుంది. ఊళ్లో ఆ చెట్లు ఏ వీధిలో వరసగా ఉన్నాయో కార్తీకంలో కళ్లు మూసుకున్నా చెప్పవచ్చు. ఆ పూల ఘాటుకు తలనొప్పి వస్తోందని గొడవపడని కాలనీ లేదు. ఒకప్పుడు ఆ చెట్టు కలపతోనే బడిపిల్లలకు పలకలు చేసేవారట, దాని శాస్త్రీయ నామంలో ‘స్కొలారిస్’ అన్న మాట అందుకే చేరిందట. ఈ సంగతి విన్నాక పిల్లలు ముక్కు మీంచి చేతులు తీసి కాసేపు చెవులు మూసుకున్నారు, సెలవుల్లో బడి ప్రస్తావన తెచ్చినందుకు.

అన్నిటికంటే ఉదాత్తమైన పాఠం రెండో వారంలో వచ్చింది. దాని పేరు ‘వదిలేయడం’. చెట్టు పండుటాకును పట్టుకుని వేలాడదనీ, సమయం రాగానే బాధ లేకుండా వదిలేస్తుందనీ, మనం కూడా కోపాలనూ పంతాలనూ అలాగే ఊపిరితో పాటు వదిలేయాలనీ మేడమ్ నెమ్మదిగా చెబుతుంటే, పిట్టగోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రులు తలలూపారు. మా సెక్రటరీ గారు కళ్లు కూడా తుడుచుకున్నారు.

అంతకు సరిగ్గా నెలన్నర ముందు, ఆకు వదిలేసిన ఆ నేరానికే ఆయన ఒక కానుగ చెట్టుకు మరణశిక్ష వేయించారు. దాని సంగతి దాచిపెట్టడం నా నిష్పాక్షికతకు తగదు.

మా గేటు పక్కన ఒక కానుగ ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి, గంటకు 180 కిలోమీటర్ల గాలితో ఊళ్లో చెట్లను ఊడబెరికి పోయిన మర్నాడు, మా బాల్కనీలోంచి మొట్టమొదటిసారిగా సముద్రం కనబడింది. నిలిచిన చెట్లకు కూడా ఆకు అన్నది లేక, ఊరంతా కాలిన అగ్గిపుల్లలు గుచ్చినట్టుగా ఉంది. మరుసటి ఏడాది, ఇప్పుడు ఊళ్లో లేని ఒకాయన ఆ కానుగ మొక్క తెచ్చి నాటి, మూడేళ్లు బకెట్‌తో నీళ్లు మోశారు. అది ఎదిగి ఎదిగి రెండో అంతస్తును అందుకుంది. ఇస్త్రీ బండి అతనూ, సిలిండరు తెచ్చే కుర్రాడూ, ఎవరో తెలియని రెండు కుక్కలూ దాని నీడన ఉండేవి. మార్చిలో ఆకంతా రాల్చేసి, పదిహేను రోజులు తిరక్కుండా లేతాకు తొడుక్కోవడం కానుగ స్వభావం. ఈసారి ఆ ఆకు సెక్రటరీ గారి కొత్త తెల్ల కారు మీద రాలింది.

ఆయన మామూలుగా సౌమ్యులు. ఆ రోజు మాత్రం చెట్టు మీద ఒంటికాలి మీద లేచారు. వెంటనే సర్వసభ్య సమావేశం జరిగింది. చెట్టు ఆకులు రాలుస్తోంది, కాబట్టి అది చచ్చిపోతోంది, చచ్చిపోయే చెట్టు ఎవరి మీదనైనా పడవచ్చు అన్నది మొదటి అభియోగం. వేళ్లు పేవర్ బ్లాకులను రెండంగుళాలు పైకి లేపాయన్నది రెండోది. బ్లాకులను మాను మొదలు దాకా, చీమ దూరే సందు లేకుండా పరిపించింది మేమే. చెట్టు చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీలో ఆదేశించిన మాట వాస్తవమే గానీ, అది ఢిల్లీ చెట్ల సంగతి. గోరింకలు ముప్పూటలా వాలి కార్ల మీద రెట్టలు వేస్తున్నాయన్నది మూడో అభియోగం. చెట్టు తరఫున మొదటి అంతస్తు మామ్మగారు ఒక్కరే మాట్లాడారు. “పది రోజులు ఓపిక పట్టండి నాయనా, చిగురేస్తుంది” అన్నారు. ఆవిడకు కారు లేదు కనుక ఈ విషయంలో ఆవిడకు ఓటు ఎంతవరకు ఉంటుందన్న మీమాంసతోనే పావుగంట గడిచింది.

మేం చట్టాన్ని గౌరవించేవాళ్లం. నీరు, నేల, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. అందువల్ల చెట్టును కొట్టకూడదనీ, కేవలం కొమ్మలు సరిచేయించాలనీ తీర్మానించాం. రంపం మిషను తెచ్చిన మనిషి “ఎక్కడి దాకా సరిచెయ్యమంటారు?” అని అడిగాడు. “అడ్డు లేనంత దాకా” అన్నారు సెక్రటరీ గారు. నలభై నిమిషాల్లో మోకాలెత్తు మొద్దు మిగిలింది. కింద పడిన కొమ్మల చివర్ల గోరంత చిగుళ్లు, లక్క రంగులో, మెరుస్తూ ఉన్నాయి. మామ్మగారు ఒక రెమ్మ తీసుకుని లోపలికి వెళ్లిపోయారు.

గిట్టనివాళ్లు ఇక్కడే అపార్థం చేసుకుంటున్నారు. ఆకు రాల్చడం చెడ్డపని అని మేమెప్పుడూ అనలేదు. డాబా మీద, అయిదున్నర నుంచి ఆరున్నర లోపల, మ్యాట్ దాటకుండా రాల్చితే అది యోగం. గేటు దగ్గర, ఇష్టం వచ్చినప్పుడు, వేరొకరి బానెట్ మీద రాల్చితే చెత్త. వేళ్లూనుకోవడం కూడా అంతే, బ్లాకులు లేపనంత వరకు ఎంత లోతుగానైనా ఊనుకోవచ్చు. పిల్లలతో ‘పక్షులకు ఆశ్రయమిస్తాను’ అని చేతులు చాపించి ప్రమాణం చేయించాం గదా, ఆ పద్నాలుగు చెట్లలో ఏ ఒక్కదాని మీదా ఇంతవరకు రెట్ట పడలేదు. చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకుంటున్నారని రెండో అంతస్తులో ఎవరో అన్నారట. చెట్టే లేనప్పుడు కాయలెక్కడివి?

ఆ అంతస్తులోనే ఉండే రిటైర్డ్ చరిత్ర లెక్చరరు గారు ఒక సమావేశంలో లేచి, మామల్లపురంలో ఏడో శతాబ్దపు పల్లవ శిల్పం ఒకటి ఉందనీ, పెద్ద బండ మీద చేతులెత్తి ఒంటికాలి మీద తపస్సు చేసే మనిషిని చెక్కారనీ, కింద ఒక పిల్లి కూడా వెనక కాళ్ల మీద లేచి అచ్చం అలాగే చేతులెత్తుతుందనీ, దాని చుట్టూ ఎలుకలు నిశ్చింతగా తిరుగుతుంటాయనీ వివరించి, “మన డాబా మీద పిల్లి ఎవరండీ?” అని ముగించారు. ఎజెండాలో లేని ప్రశ్న కాబట్టి మినిట్స్‌లో రాయలేదు.

వాచ్‌మన్ విమర్శ ఇంకొంచెం మొరటుగా ఉంది. అతనిది విజయనగరం అవతల పల్లె. కుర్చీలు మోసుకుంటూ డాబా ఎక్కి, పిల్లలను ఎగాదిగా చూసి, “ఏటి బాబూ, ఒంటికాలి మీద నిలబడితే మాను అయిపోద్దేటి? అలాగైతే మా ఊరి సెరువులో కొంగలన్నీ మర్రిమానులే గదా” అన్నాడు. కొంగజపమన్న మాట మన భాషలో ఎప్పటి నుంచో ఉందని అతనికి ఎవరు చెప్పారో గానీ, నేను మాత్రం చెప్పలేదు.

నిజమైన చెట్లను చూపించాలన్న సదుద్దేశం కమిటీకి లేకపోలేదు. కంబాలకొండ అడవి ఇక్కడికి బస్సులో పావుగంట. తీరా వెళ్లి చూసొచ్చిన ఉపసంఘం, అక్కడ మ్యాట్లు పరిచే చదునైన నేల లేదనీ, దారంతా ఆకులు పడి ఉన్నాయనీ నివేదిక ఇవ్వడంతో యాత్ర విరమించుకున్నాం. బదులుగా ఆఖరి వారంలో హోంవర్కు ఇచ్చారు, ప్రతి చెట్టూ ఒక రాలిన ఆకు తేవాలి. పద్నాలుగు మందిలో పదకొండు మంది ఫ్రిజ్‌లోంచి కరివేపాకు తెచ్చారు. ఒకడు ఆర్డరు పెట్టి తెప్పించుకున్న మామిడాకుల కట్ట తెచ్చాడు, పన్నెండు నిమిషాల్లో వచ్చిందట. అన్నీ అట్టకు అంటించి, ‘మన చెట్లు’ అని రాసి, ఫ్రేము కట్టించి లిఫ్టు పక్కన పెట్టాం. పోపు వేసినప్పుడల్లా ఆ ఫ్రేము వైపు గర్వంగా చూస్తున్నాను.

ఇప్పుడొక కొత్త సమస్య. జూన్‌లో నాలుగు చినుకులు పడేసరికి కానుగ మొద్దుకు పక్క నుంచి చిగుళ్లు వచ్చాయి. మొదట చూసింది మా మనవరాలు. వాచ్‌మన్ దాని ముందు ఒక పగిలిన బకెట్ బోర్లించి పెట్టాడు. ఈ నెల సమావేశపు ఎజెండాలో ‘అనుమతి లేకుండా మొలిచిన చిగుళ్లు’ అని నాలుగో అంశంగా రాయవలసినవాణ్ణి నేనే, ఇంకా రాయలేదు.

మొన్న ఆదివారం బకెట్‌ను ఎవరో చెత్తబండిలో వేసేశారు. అదే సమయానికి సెక్రటరీ గారు కారు తీస్తున్నారు. నేను బాల్కనీలోంచి చూస్తున్నాను. మా మనవరాలు పరుగున వెళ్లి, మొద్దుకు వీపు ఆనేంత దగ్గరగా నిలబడి, కుడికాలు మడిచి, గౌను కుచ్చెళ్లు రెండు పక్కలకూ విప్పార్చి, చేతులు పైకెత్తింది. ఆయన అద్దం దించి, “ఏం చేస్తున్నావమ్మా?” అన్నారు.

“వృక్షాసనం, అంకుల్.”

“శభాష్! కదలకూడదు, అలాగే ఉండాలి, ఏం?” అని ఆయన చాలా సంతోషించి, జాగ్రత్తగా రివర్స్ తీసుకుని వెళ్లిపోయారు.