పరలోక పౌరులకు పంట కాలువతో పనేమిటన్న వాదనకు జవాబు

కొంతకాలంగా గోదావరి డెల్టాలోని క్రైస్తవ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. దాని సారాంశం ఇది: విశ్వాసి పౌరసత్వం పరలోకంలో ఉంది గనుక లోక విషయాలు అతనికి అనవసరం, ఈ భూమి ఎలాగూ అగ్నిలో కాలిపోతుంది, బీదలు ఎప్పుడూ ఉంటారని ప్రభువే చెప్పాడు, క్రీస్తులో కులం లేదు గనుక కులం మాట ఎత్తేవాడే సంఘాన్ని చీల్చేవాడు, మన ప్రాంతానికి సువార్త తెచ్చినవారు ఆత్మల రక్షణ తప్ప మరొకటి ఎరగరు, కాబట్టి నీళ్లు, భూమి, కూలి అంటూ మాట్లాడడం మాని ప్రార్థన చేసుకోవాలి. దాని కింద ‘ఆమేన్’ అని రాసినవారిలో నేను గౌరవించే పెద్దలు కూడా ఉన్నారు. వారి భక్తిని శంకించకుండా, ఆ మాటలను ఒక్కొక్కటిగా వాక్యం ఎదుట పెట్టి చూడడం నా బాధ్యత అనుకుంటున్నాను.

పౌరసత్వం గురించిన మాట అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మూడవ అధ్యాయం 20వ వచనంలోనిది. ఆ మాట ఏ ఊరివారికి రాశాడో చూడకుండా అర్థం చెప్పుకోవడం వల్లనే ఈ చిక్కు వచ్చింది. ఫిలిప్పీ, సైన్యంలో పనిచేసి విరమించిన రోమా సైనికులకు భూములిచ్చి స్థిరపరచిన రోమా వలస పట్టణం. అక్కడి రోమా పౌరుడు ఏదో ఒకనాడు రోమాకు వెళ్లిపోతానని మూటాముల్లె సర్దుకుని కూర్చునేవాడు కాదు. మాసిదోనియ నేల మీద రోమా చట్టాన్ని, రోమా మర్యాదను నడిపేవాడు. ఆ ఊరివారికి పౌలు మాట ‘ఈ ఊరితో మీకు పని లేదు’ అని కాక, ‘ఈ ఊళ్లోనే పరలోకపు పద్ధతిని నడపండి’ అని వినిపించి ఉంటుంది. అదే పత్రిక మొదటి అధ్యాయం 27వ వచనంలో మన తెలుగు బైబిలు ‘ప్రవర్తించుడి’ అని చెప్పిన చోట గ్రీకు క్రియకు పౌరులుగా జీవించండి అనే అర్థమే ఉంది. పైగా ఆ ఊళ్లోనే విచారణ లేకుండా తనను బెత్తాలతో కొట్టి చెరసాలలో వేసిన అధికారులు తెల్లవారాక గుట్టుగా వెళ్లిపొమ్మని కబురు పంపితే, పౌలు తాను రోమీయుడనని చెప్పి, ఆ అధికారులే వచ్చి తమను వెలుపలికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు. పరలోక పౌరసత్వం గురించి రాసిన మనిషి భూమి మీది పౌరసత్వపు హక్కును వదులుకోలేదు.

భూమి కాలిపోతుందన్న వాదనకు ఆధారం పేతురు రెండవ పత్రిక మూడవ అధ్యాయం. పదవ వచనంలో ‘కాలిపోవును’ అని మనం చదివే చోట మిక్కిలి పాత ప్రతుల్లో కొన్నింటిలో భూమి, దాని మీది క్రియలు ‘కనబడును’, అంటే తీర్పు ఎదుట బయటపడును అనే పాఠం ఉంది. ఆ పాఠభేదాన్ని పక్కన పెట్టినా, నాలుగు వచనాల ముందే అపొస్తలుడు జలప్రళయాన్ని పోలికగా తెచ్చాడు. అప్పటి లోకం నీళ్లలో మునిగి నశించింది, కాని నోవహు ఓడ దిగింది ఈ నేల మీదనే. పదమూడవ వచనం నీతి నివసించే కొత్త భూమి కోసం కనిపెట్టమంటుంది. రోమా పత్రిక ఎనిమిదవ అధ్యాయం సృష్టి నాశనం కోసం కాదు, విడుదల కోసం మూలుగుతోందంటుంది. ఒకవేళ అంతా కాలిపోయేదే అయినా, నా పొరుగువాడు ఈ సాయంత్రం తాగే నీళ్లను పాడుచేసే హక్కు నాకు దానివల్ల రాదు.

నీళ్ల విషయం మన డెల్టావారికి చెప్పనక్కర లేదు. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపకముందే ఊరి మంచినీళ్ల చెరువు నింపుకుంటాము; మళ్లీ నీళ్లు వదిలేదాకా అదే దిక్కు. వరిచేలు రొయ్యల చెరువులైన చోట, మురుగు కాలువలోకి పోవలసిన నీరు పంట కాలువలో కలిసినా, ఉప్పు ఊట పక్క చేలోకి దిగినా నష్టపోయేది ఆ చెరువు యజమాని కాదు. మా ఊళ్లో కొనగలిగినవారు ఇరవై లీటర్ల టిన్ను కొనుక్కుంటారు, కొనలేని ముసలమ్మ చెరువు నీళ్లనే కాచి తాగుతుంది. ఆమె ఆదివారం మా పక్క వరుసలోనే కూర్చుంటుంది. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర్పు చెప్పినప్పుడు అది కోర్టు వ్యవహారమని, భక్తికి సంబంధించింది కాదని మనవాళ్లు అనుకున్నారు. కాని యెహెజ్కేలు ముప్పైనాలుగవ అధ్యాయంలో దేవుడు బలిసిన గొర్రెలను అడిగిన ప్రశ్న అదే: మీరు తేటనీళ్లు తాగింది చాలక, మిగిలిన నీళ్లను కాళ్లతో కలకలు చేయాలా? ఆ కలకనీళ్లు తన మంద తాగవలసి వస్తోందని ఆయన ఆ వెంటనే అంటాడు. కాపరుల గురించిన ఆ అధ్యాయాన్ని సంఘ కాపరులందరూ ప్రసంగిస్తారు. ఆ వచనం మీద మాత్రం ప్రసంగం నేను ఇంతవరకు వినలేదు.

బీదల మాటకు ఎక్కువ జవాబు అక్కరలేదు. ప్రభువు ఎత్తి చూపిన మాట ద్వితీయోపదేశకాండం పదిహేనవ అధ్యాయంలోనిది. బీదలు దేశంలో ఉండక మానరని చెప్పిన ఆ వచనమే, అందుచేత నీ చెయ్యి చాపవలెనని ఆజ్ఞాపిస్తుంది. సగం వచనం చదివి ఆపడం న్యాయం కాదు.

కులం గురించిన వాదన మాత్రం నన్ను ఎక్కువగా బాధిస్తుంది, ఎందుకంటే అది మంచి వచనాన్ని తీసుకుని నోరు మూయించడానికి వాడుతోంది. యూదుడని గ్రీకుదేశస్థుడని లేదన్న మాట గలతీ పత్రిక మూడవ అధ్యాయంలో ఉంది. దానికి ముందు అధ్యాయంలో ఏం జరిగింది? అంతియొకయలో పేతురు అన్యజనులైన, అంటే యూదులు కాని, సహోదరులతో కలిసి భోజనం చేసేవాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే వెనక్కు తగ్గాడు. అతడు ఏ సిద్ధాంతాన్నీ కాదనలేదు, బల్ల దగ్గర నుంచి లేచాడు, అంతే. పౌలు దాన్ని సువార్త సత్యాన్ని తప్పడంగా చూసి, అందరి ఎదుట ముఖాముఖిగా నిలదీశాడు. భేదం లేదని రాసిన చెయ్యే, ఆ భేదం బల్ల దగ్గర కనబడినప్పుడు దాన్ని బయటపెట్టిన చెయ్యి. సంఘాన్ని చీల్చింది పేతురు లేచిపోవడమే గాని పౌలు మాట్లాడడం కాదు.

మన ఊళ్లలో మాలపేటకు ఒక మందిరం, మాదిగపేటకు ఒక మందిరం, ఊళ్లోని విశ్వాసులకు వేరే కూడిక ఉండడం ఎవరికి తెలియదు? ఒకే రొట్టె విరిచేవారం పెళ్లి సంబంధం దగ్గరకు వచ్చేసరికి, కొన్నిచోట్ల సమాధుల స్థలం దగ్గరకు వచ్చేసరికి, ఎవరెవరమో గుర్తు చేసుకుంటాము. దీనికి తోడు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువు కానివాణ్ణి షెడ్యూల్డ్ కులస్థుడిగా పరిగణించరాదంది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు గాని క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన దళితులను వెనుకబడిన తరగతుల్లోని ‘సీ’ వర్గంలో (బీసీ-సీ) పెట్టారు. చట్టం కులం పోయిందంటుంది, ఊరు పోలేదంటుంది, సంఘం ఆ మాటే ఎత్తవద్దంటుంది. ఈ మూడింటి మధ్య నలిగిన యువకుడు బాప్తిస్మపు పుస్తకంలో ఒక పేరు, కుల ధ్రువపత్రంలో మరో పేరు పెట్టుకుని, ఆ మనోవేదనను కాపరికి కూడా చెప్పుకోలేక తిరుగుతున్నాడు. అతణ్ణి అబద్ధికుడని తీర్పు తీర్చే ముందు, నిజం చెప్పుకునే చోటు అతనికి మనం ఎక్కడ ఉంచామో ప్రశ్నించుకోవాలి.

ఇక మిషనరీల సంగతి. బౌడెన్, బీర్ అనే మిషనరీల కుటుంబాలు 1836లో మన దేశానికి వచ్చి, ఆ తర్వాత నరసాపురంలో స్థిరపడింది సువార్త కోసమే, అందులో సందేహం లేదు. వారు రావడానికి మూడేళ్ల ముందే, నందన నామ సంవత్సరం పేరుతో పిలిచే నందన కరువు ఈ ప్రాంతాన్ని ఊడ్చేసింది. 1839లో వచ్చిన తుఫాను కోరంగి రేవును ముంచేసింది. ఆ నేల మీద ఆత్మలను మాత్రమే చూడడం ఎవరికీ సాధ్యం కాదు. 1842లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ హేయర్ మధ్యలో స్వదేశానికి వెళ్లి, వైద్యశాస్త్రంలో పట్టా పుచ్చుకుని తిరిగి వచ్చాడు. డెబ్బై దాటిన వయసులో రాజమహేంద్రవరం మిషన్‌ను నిలబెట్టడానికి మళ్లీ ఓడ ఎక్కాడు. కెనడా బాప్టిస్టులు రామచంద్రపురంలో కుష్ఠురోగులకు ఆశ్రయం కట్టారు. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మిషన్ పని కాదు, కంపెనీ సర్కారు పని, దాని వెనుక శిస్తు లెక్కలూ ఉన్నాయి. అయినా దాన్ని కట్టించిన ఆర్థర్ కాటన్ భక్తిగల క్రైస్తవుడు; కరువులో చచ్చేవారి కోసం నీళ్లు మళ్లించడాన్ని అతడు తన విశ్వాసానికి బయటి పనిగా చూడలేదు. ఆ కాలువ నీళ్లతో పండిన అన్నం తింటూ, నీళ్ల విషయం భక్తునికి తగదని ఎలా అనగలం?

ఆ సందేశంలో ఒక భయం సరైనదేనని ఒప్పుకుంటాను. ఎన్నికల ముందు అభ్యర్థిని వేదిక ఎక్కించి, అతని తల మీద చెయ్యి ఉంచి, సంఘపు ఓట్లను మూకుమ్మడిగా అప్పగించే కాపరులు ఉన్నారు. అది తప్పు. అయితే ఆ తప్పుకు మందు మౌనం కాదు. ఎవరి ఉపకారమూ పుచ్చుకోకుండా న్యాయం మాట్లాడడం.

చివరిది ప్రార్థన. ప్రార్థన వద్దని ఏ విశ్వాసీ అనడు. పారసీక రాజు కొలువులో ఉన్న యూదుడు నెహెమ్యా యెరూషలేము పాడైందని విని రోజుల తరబడి ఉపవాసముండి ప్రార్థించినవాడు. రాజు ప్రశ్నకు జవాబిచ్చే ముందు కూడా ప్రార్థించినవాడు. అలాంటివాడి దగ్గరకు బీదలు వచ్చి, పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టామని, శిస్తు కోసం అప్పు చేశామని, పిల్లలు దాసులైపోతున్నారని మొరపెట్టినప్పుడు, అతడు ప్రార్థన చేసుకోండని వారిని పంపివేయలేదు. ఆలోచించి, ప్రధానులను, అధికారులను గద్దించి, పెద్ద సమాజాన్ని కూర్చాడు; ఈ దినమే పొలాలు తిరిగి ఇవ్వండి, వడ్డీ మానండి అన్నాడు; యాజకులను పిలిపించి వారి ఎదుట ప్రమాణం చేయించాడు. అప్పుడు సమాజమంతా ఆమేన్ అని యెహోవాను స్తుతించింది, జనులు ఆ మాట చొప్పున చేశారు.