ఆ నలుగురికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన నలుగురికి,

మీ పేర్లు తెలియవు, చిరునామా అంతకన్నా తెలియదు. అయినా ఈ ఉత్తరం మీకు చేరుతుంది, మీరు లేని చోటంటూ లేదు కనుక. ఇంటి గోడ రంగు దగ్గర్నుంచి పిల్లల చదువు దాకా "నలుగురు ఏమనుకుంటారో" అని మిమ్మల్ని తలచుకోకుండా ఏ పనీ జరగదు. వాటి సంగతి వదిలేస్తాను. నా పేచీ అంతా తాగుడు మానాలనుకునే మనిషి మీటింగుకు వెళ్లే దారిలో మీరు కూర్చున్న కాపలా గురించే.

తాగుతున్నన్నాళ్లూ మీరెంత ఉదారులు! విందులో గ్లాసు చేతికిచ్చింది మీరే. "పాపం, పని ఒత్తిడి" అని సర్దిచెప్పిందీ మీరే. అర్ధరాత్రి అతను తాళం కప్ప దొరికినా కన్నం దొరక్క గుమ్మం ముందు తంటాలు పడుతుంటే మీ కిటికీ తెర కాస్త కదిలింది తప్ప మీ నోరు కదలలేదు. అదే మనిషి ఒక సాయంత్రం తల దువ్వుకుని, తూలకుండా నడిచి, తాగుడు మానాలనుకునేవాళ్లు పేరు ఊరు అడక్కుండా ఒకరికొకరు తోడు నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం మీటింగు జరిగే గది మెట్లెక్కితే మాత్రం "అయ్యో, అంతదాకా వచ్చిందా!" అంటారు. అంతదాకా రావడం ఆ కిటికీలోంచి ఎప్పుడో చూశారు కదండీ.

మీ పుణ్యమా అని మీటింగు వెతుక్కోవడం కూడా దొంగతనంలా సాగుతుంది. ఫోనులో వెతికి, వెతికిన జాడ చెరిపేస్తాడు. హెల్ప్‌లైన్ నంబరు నొక్కి, అవతల మోగకముందే పెట్టేస్తాడు. పక్కవీధిలోనే గది ఉన్నా మీకు కనబడతానని ఊరి అవతలి గదికి పోతాడు. తీరా తలుపు దాకా వెళ్లి, ఫోను చెవికి ఆనించి, లేని మనిషితో గట్టిగా మాట్లాడుతూ వెనక్కి తిరుగుతాడు. లోపల కూర్చున్నవాళ్లకు ఆ ఉత్తుత్తి సంభాషణ మొత్తం కంఠతా వచ్చు.

లోపల ఏం జరుగుతుందోనని మీకు మహా కుతూహలం కదా, చెబుతాను. కుర్చీలుంటాయి. హాజరు పట్టీ ఉండదు, ఇంటిపేరు అడగరు. సభ్యత్వానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో మరొకరు సలహా ఇవ్వకూడదు. అక్కడ మీకు ఊపిరాడదని నాకు తెలుసు. నోరు విప్పడం ఇష్టం లేకపోతే "ఈరోజు వింటాను" అంటే చాలు. ఖర్చుల కోసం చేతులు మారే సంచిలో సభ్యులు తోచింది వేస్తారు, లేదా పక్కవారికి అందిస్తారు. బయటివారి విరాళాలు పుచ్చుకోరు కాబట్టి, దాతలుగా మీ పేర్లు గోడమీద చెక్కించుకునే వీలు కూడా లేదు. పాపం.

అసలు ఈ ఏర్పాటు పుట్టిందే మిమ్మల్ని లెక్కచేయనివాడి వల్ల. 1935 మే నెలలో అమెరికాలోని ఆక్రన్‌లో, వ్యాపారం బెడిసికొట్టిన బిల్ విల్సన్ ఒక హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. ఒకవైపు బారు, మరోవైపు చర్చిల జాబితా, ఫోను. ఫోను అందుకుని, ముక్కూమొహం తెలియనివాళ్లకు తాను తాగుబోతునని చెప్పి, అలాంటి మరో మనిషిని చూపించమని అడిగాడు. అలా దొరికిన సర్జన్ డాక్టర్ బాబ్ స్మిత్ 15 నిమిషాలకు మించి ఉండనని వచ్చి గంటల తరబడి కూర్చుండిపోయాడు. ఆయన చివరిసారి తాగిన జూన్ 10నే ఆ సంస్థ తన పుట్టినరోజుగా చెప్పుకుంటుంది. విల్సన్ ఆ పూట మిమ్మల్ని తలచుకుని ఉంటే బారు వైపే నడిచేవాడు.

"కబుర్లతో తాగుడు పోతుందా?" అన్నది మీ అభిమాన ప్రశ్న. 2020లో, వైద్య పరిశోధనలన్నిటినీ కూడగట్టి తూకం వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 27 అధ్యయనాలను, పదివేలకు పైగా మనుషుల వివరాలను పరిశీలించింది. తాగుడుకు పూర్తిగా దూరంగా ఉంచడంలో ఈ కబుర్లు, వాటివైపు నడిపించే చికిత్సలు పేరున్న ఇతర చికిత్సలకన్నా మెరుగని తేల్చింది. ఈ మీటింగుల్లో వచ్చే దేవుడి ప్రస్తావన పడనివారికి స్మార్ట్ రికవరీ అనే మరో సంఘం ఉంది. ఆడవాళ్ల కోసం 1975 నుంచి విమెన్ ఫర్ సోబ్రైటీ ఉంది. మగవాడు తాగితే అలవాటు, ఆడది తాగితే అప్రదిష్ట అని తీర్పు చెప్పే మీరుండగా వాళ్లకు వేరే గది అవసరం కాక మానుతుందా?

ఇక "దమ్ముంటే రేపట్నుంచే మానెయ్" అన్న మీ ఉచిత సలహా. ఏళ్లతరబడి రోజూ విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, మూర్ఛ, మతిభ్రమ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ముందు డాక్టరును చూడాలి. మీ సలహా విని ఎవరికైనా ఏమైనా అయితే పరామర్శకు మాత్రం మీరే ముందుంటారు.

మరో మాట. మీలో ఒకరు నిన్న నన్ను పక్కకు పిలిచి మీటింగు ఎన్నింటికని అడిగారు. ఓపెన్ మీటింగుకు ఎవరైనా రావచ్చని, క్లోజ్డ్ మీటింగు తాగుడు మానాలనుకునేవారికేనని చెప్పాను. కాసేపు చెప్పులవైపు చూసుకుని, రెండోదాని వేళ రాసుకున్నారు. ఎవరని మిగతా ముగ్గురూ నన్ను అడగవద్దు.

ఇట్లు,
ఇంటిపేరు చెప్పనక్కరలేని ఒకరు